ఉక్కులో చిన్న రంధ్రం

స్ప్రింగ్‌ఫీల్డ్ కథ: ఆరో భాగం

స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 2001 తర్వాత తయారుచేసిన రివాల్వర్లలో చాలావాటికి ఎడమ పక్కన ఒక చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది. సిలిండర్‌ను బయటికి తెరవడానికి బొటనవేలితో ముందుకు తోసే మీట ఉంటుంది కదా, సరిగ్గా దానికి పైన. పక్కనే ఉక్కు మీద ఒక బాణం గుర్తు. తుపాకీతో పాటు ఇచ్చే బుల్లి గొట్టంలాంటి తాళంచెవిని అందులో పెట్టి తిప్పితే, వెనకాల హ్యామర్ పక్క సందులోంచి ఒక సన్నటి రెక్క పైకి లేస్తుంది. ఇక హ్యామర్ కదలదు, ట్రిగ్గర్ కదలదు. సిలిండర్ నిండా తూటాలున్నా తుపాకీ పేలదు. తాళంచెవి వెనక్కి తిప్పితే రెక్క లోపలికి దిగిపోతుంది, తుపాకీ మళ్ళీ మామూలుగా పనిచేస్తుంది.

చూడ్డానికి ఇంతే. కానీ అమెరికాలో రివాల్వర్లు వాడేవాళ్ళను, సేకరించేవాళ్ళను పాతికేళ్ళుగా రగిలిస్తున్నది ఈ రంధ్రమే. వాళ్ళ నోట రెండు ఫిర్యాదులు ఎప్పుడూ జంటగా వస్తాయి: తాళం పెట్టారు, పనితనం పోగొట్టారు. తాళం లేని పాత రివాల్వర్ అంటే మంచి రివాల్వర్, తాళం ఉన్న కొత్తదంటే నాసిరకం. చాలామంది కొనుగోలుదారుల మనసులో ఈ లెక్క స్థిరపడిపోయింది.

ఈ రెండూ వేర్వేరు కథలని నా అభిప్రాయం. పనితనం తగ్గిన కథ తాళం కన్నా ముప్ఫై అయిదేళ్ళు ముందే మొదలైంది. భద్రత కథ అంతకన్నా పాతది, 1880ల నాటిది. 2001లో ఈ రెండూ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే ఫ్రేమ్ మీద కలుసుకున్నాయి. అరిగిన పనితనాన్ని గుర్తుపట్టాలంటే అనుభవం కావాలి. రంధ్రం మాత్రం ఎవరి కళ్ళకైనా కనిపిస్తుంది. అందుకే కోపమంతా దాని మీదికి మళ్ళింది. గత సంచికలో 1965 దాకా వచ్చాం, వెసన్ కుటుంబం కంపెనీని అమ్మేసిన దగ్గర ఆగాం. అక్కణ్ణించి ముందుకు వెళ్ళాలంటే ఈసారి కొంచెం వెనక్కి నడవక తప్పదు.

పంతొమ్మిదో శతాబ్దపు రివాల్వర్‌కి పెద్ద జబ్బు ఒకటుండేది. హ్యామర్ దించి ఉన్నప్పుడు దాని కొన తూటా అడుగున ఆని ఉంటుంది. తుపాకీ చెయ్యి జారి హ్యామర్ నేలకు తగిలితే చాలు, పేలుతుంది. కృష్ణ నటించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971లో వచ్చాక మన ఊళ్ళలో పిల్లలు సైతం గుర్తుపట్టిన ఆ కౌబాయ్ తరహా ఆరు గుళ్ళ తుపాకీని, నిజ జీవితంలో జాగ్రత్తపరులు అయిదు గుళ్ళతోనే ఉంచుకునేవారు. హ్యామర్ కింద వచ్చే గదిని ఖాళీగా వదిలేసేవారు. భద్రత అప్పుడు యంత్రంలో లేదు, మనిషి అలవాటులో ఉంది. ఇంట్లో దొరికిన తుపాకీతో ఆడుకునే పిల్లవాడికి ఆ అలవాటు ఎక్కణ్ణించి వస్తుంది?

1887లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన ‘సేఫ్టీ హ్యామర్‌లెస్’ ఈ ప్రశ్నకు జవాబు. తమ కంపెనీ తుపాకీ పిల్లవాడి చేతిలో పేలిందన్న వార్త విని కంపెనీ స్థాపకుల్లో ఒకడైన డేనియల్ వెసన్ కలత చెందాడని, కొడుకు జోసెఫ్‌తో కలిసి ఈ పని మీద కూర్చున్నాడని కంపెనీ చరిత్రలో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథ. కథ ఎలా ఉన్నా యంత్రం మాత్రం మన కళ్ళ ముందుంది. హ్యామర్‌ను పూర్తిగా ఫ్రేమ్ లోపలికి దాచేశారు. దాన్ని వేలితో వెనక్కి లాగడం ఇక కుదరదు. పిడి వెనకభాగంలో నిలువుగా ఒక పొడుగాటి మీట పెట్టారు. అరచేతితో పిడిని గట్టిగా పిండుతూ, అదే సమయంలో బరువైన ట్రిగ్గర్‌ను చివరిదాకా లాగితేనే తుపాకీ పేలుతుంది. చిన్న చేతికి ఈ రెండు పనులూ ఒకేసారి చేసే బలం ఉండదు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలు దీన్ని పేల్చలేరని కంపెనీ తన కేటలాగులో ధీమాగా చెప్పుకుంది. నిమ్మకాయ పిండినట్టు పిండాలి కాబట్టి జనం దానికి ‘లెమన్ స్క్వీజర్’ అని పేరు పెట్టుకున్నారు. 1940 దాకా అది తయారవుతూనే ఉంది.

ఈ తుపాకీ దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు నిలబడుతున్నాను, కారణం ఉంది. ఆ భద్రతకు తాళంచెవి అక్కర్లేదు. యజమాని గుర్తుపెట్టుకుని చెయ్యాల్సిన పని ఏదీ లేదు. తుపాకీని బల్ల మీద పెట్టి చెయ్యి తీసిన మరుక్షణం అది తనంతట తానే భద్రంగా ఉంటుంది. చేతిలోకి తీసుకోగానే సిద్ధంగా ఉంటుంది. తుపాకీ ఎలా పనిచేస్తుందో అణువణువూ తెలిసినవాడు, పిల్లవాడి చెయ్యి ఎంత ఉంటుందో ఆలోచించి చేసిన వస్తువు అది. దాని మీద అలిగి కంపెనీని వెలివేసినవాళ్ళెవరూ లేరు, సరికదా కొనుక్కున్నారు.

మరో సంగతి. సేఫ్టీ హ్యామర్‌లెస్‌ది మెడ దగ్గర విరిచినట్టు పైనుంచి తెరుచుకునే ఫ్రేమ్. అదే పద్ధతి ఇంగ్లండ్‌లో వెబ్లీ కంపెనీ చేతుల్లో స్థిరపడి, అక్కణ్ణించి మన దేశానికి వచ్చింది. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే .32 రివాల్వర్ వెబ్లీ నమూనా నుంచి వచ్చిందే. 2014లో మహిళల కోసమంటూ కాన్పూర్ నుంచే విడుదలైన ‘నిర్భీక్’ కూడా ఆ కుదురులోదే. లైసెన్సు తలుపు దాటి వచ్చినవాళ్ళకే తుపాకీ దొరికే మన దేశంలో, ప్రతి తుపాకీకీ తాళం ఉండాలా వద్దా అన్నది వీధి వాదం కాలేదు. అమెరికాలో అయింది.

సేఫ్టీ హ్యామర్‌లెస్ తర్వాత భద్రత అన్న మాట తుపాకీ వ్యాపారంలో ఒక ఆకర్షణ అయిపోయింది. ఐవర్ జాన్సన్ కంపెనీ హ్యామర్‌కీ తూటాకీ మధ్య ఒక చిన్న పలక పెట్టింది. ట్రిగ్గర్ లాగినప్పుడే ఆ పలక పైకి వచ్చి దెబ్బను అటు అందిస్తుంది, మిగతా వేళల్లో హ్యామర్ మీద సుత్తితో కొట్టినా పేలదు. హ్యామర్‌ను సుత్తితో కొట్టి చూడండి అనే అర్థం వచ్చేలా ప్రకటనలే వేశారు. 1901లో అధ్యక్షుడు మెకిన్లీని బఫెలో నగరంలో కాల్చి చంపింది అదే కంపెనీ ‘సేఫ్టీ ఆటోమేటిక్’ రివాల్వర్‌తో. ప్రమాదం నుంచి కాపాడే యంత్రం ఉద్దేశం నుంచి కాపాడలేదన్నది అప్పుడే తేలిపోయింది. ఈ తేడా మళ్ళీ వంద ఏళ్ళ తర్వాత గుర్తుచేసుకోవలసి వస్తుంది.

1905 ప్రాంతంలో కోల్ట్ తన ‘పాజిటివ్ లాక్’ తెచ్చింది. స్మిత్ అండ్ వెసన్ కూడా హ్యామర్‌ను అడ్డుకునే ఏర్పాట్లు చేసింది గానీ, వాటిలో లోపం ఉందని రెండో ప్రపంచ యుద్ధంలో బయటపడింది. నౌకాదళానికి సరఫరా చేసిన ‘విక్టరీ మోడల్’ రివాల్వర్ ఒకటి ఓడ డెక్ మీద జారిపడి పేలింది. ఒక నావికుడు చనిపోయాడు. అది 1944. కంపెనీ ఇంజనీర్లు హడావిడిగా కూర్చుని కొత్త అడ్డుపలకను తయారుచేశారు. ట్రిగ్గర్‌తో పాటు జారుతూ కదిలే ఆ సన్నటి ఉక్కు ముక్కను అప్పటి నుంచీ రివాల్వర్లలో పెడుతూ వస్తున్నారు. బయటికి కనిపించదు. పక్క పలక విప్పితే తప్ప అది ఉందని కూడా తెలియదు. దాని మీదా ఎవరికీ కోపం రాలేదు. 1973లో రూగర్ కంపెనీ కౌబాయ్ తరహా తుపాకుల్లోకి ఐవర్ జాన్సన్ పద్ధతినే తెచ్చింది. అంతకుముందు అమ్మిన పాత తుపాకులకు కూడా 1982 నుంచి ఉచితంగా ఆ భాగం బిగించి ఇస్తోంది.

అంటే భద్రత కోసం రివాల్వర్‌లో మార్పులు చెయ్యడం అమెరికన్లకు కొత్త కాదు, అయిష్టమూ కాదు. మరి 2001లో ఏం జరిగింది? దానికి పనితనం కథలోకి రావాలి.

1935లో స్మిత్ అండ్ వెసన్ .357 మాగ్నమ్ రివాల్వర్‌ను విడుదల చేసింది. ఆర్థిక మాంద్యం నడుస్తున్న రోజులు, దాని ధర 60 డాలర్లు. కొన్నవాడికి అప్పట్లో దక్కిన మర్యాద ఈరోజు నమ్మడం కష్టం. బారెల్ పొడుగు మూడున్నర అంగుళాల నుంచి ఎనిమిదీ ముప్పావు దాకా తనకు నచ్చినంత చెప్పొచ్చు. గురి కొమ్ము ఏ ఆకారంలో ఉండాలో, పిడి ఏ రకం కావాలో, ఎంత దూరానికి గురి సరిచేసి పంపాలో కూడా చెప్పొచ్చు. ఫ్యాక్టరీలో ఒక్కొక్క తుపాకీకి విడిగా ఒక నమోదు సంఖ్య వేసి, సిలిండర్ తెరిస్తే కనిపించే చోట అచ్చు కొట్టి, కొన్నవాడికి పత్రం పంపేవారు. అందుకే దాన్ని ‘రిజిస్టర్డ్ మాగ్నమ్’ అంటారు. మొదటిది ఎఫ్‌బీఐ అధిపతి ఎడ్గర్ హూవర్‌కి వెళ్ళింది. జనరల్ ప్యాటన్ కూడా ఒకటి కొనుక్కున్నాడు.

ఆ తుపాకీని విప్పినవాళ్ళు ముందుగా చూసేది లోపలి భాగాలను. హ్యామర్, ట్రిగ్గర్ రెండూ కొలిమిలో కాల్చి సాగగొట్టిన ఉక్కుముద్ద నుంచి కోసినవి. పైపొరను మాత్రమే గట్టిపరిచే పద్ధతిలో కాల్చడం వల్ల వాటి మీద నీలం, గోధుమ, బూడిద రంగులు నీళ్ళలో నూనె పరుచుకున్నట్టు కలిసిపోయి ఉంటాయి. ట్రిగ్గర్ కొక్కెం హ్యామర్‌ను వదిలే అంచు దగ్గర ఆకురాయి గుర్తులు కనిపిస్తాయి. ఫిట్టర్ ఒక భాగాన్ని పెట్టి చూసి, తీసి, రెండు సార్లు రాకి, మళ్ళీ పెట్టి చూసిన ఆనవాళ్ళవి. ఒక తుపాకీలో ఇమిడిన హ్యామర్ పక్క తుపాకీలో అలాగే ఇమడకపోవచ్చు. దాన్ని ఆ తుపాకీ కోసమే రాకి ఉంటారు. బారెల్‌ను ఫ్రేమ్‌లోకి మర తిప్పి, అది కదలకుండా అడ్డంగా ఒక సన్నటి శీల దిగ్గొట్టేవారు. మాగ్నమ్ సిలిండర్‌లో తూటా అడుగు అంచు పూర్తిగా లోపలికి మునిగేలా ప్రతి గది నోటినీ తొలిచేవారు.

ఈ పనులన్నిటికీ మనుషులు కావాలి. అది కూడా కొత్తవాళ్ళు కాదు. కంపెనీ ఉన్న మాసచూసెట్స్ ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్‌కి ఆ మనుషులను తయారుచేసిపెట్టింది అక్కడి ప్రభుత్వ ఆయుధ కర్మాగారం. 1794 నుంచి నడిచిన ఆ ఆర్మరీని 1968లో మూసేశారు. కనెక్టికట్ నది లోయలో ఉక్కు పని నేర్పిన పెద్ద బడి అలా పోయింది. అప్పటికి మూడేళ్ళ ముందే వెసన్ కుటుంబం చేతుల్లోంచి కంపెనీ బ్యాంగర్ పుంటాకి వెళ్ళిపోయింది. మెయిన్ రాష్ట్రపు రైలు కంపెనీ ఒకటి, క్యూబాలో ఆస్తులు పోగొట్టుకున్న పంచదార కంపెనీ ఒకటి కలిసి ఏర్పడిన సంస్థ అది. 1984లో లియర్ సీగ్లర్ చేతికి వచ్చింది. 1987లో బ్రిటన్‌కు చెందిన టాంకిన్స్ సంస్థ 11.25 కోట్ల డాలర్లు పెట్టి కొంది. టాంకిన్స్ తర్వాత పిండిమిల్లులు, రొట్టెల వ్యాపారం కూడా కొన్న సంస్థ. ఈ యజమానులు చెడ్డవాళ్ళని నేననను. కానీ పద్దుల పుస్తకంలో బారెల్ శీల కూడా ఒక ఖర్చే. పక్కన కూర్చుని దాన్ని బిగించేవాణ్ణి చూసినవాడికి అది మరోలా కనిపిస్తుంది.

1982లో ఆ శీల పోయింది. మాగ్నమ్ సిలిండర్ గదుల నోటి దగ్గర తొలవడం కూడా ఆ ప్రాంతంలోనే మానేశారు. నిజం చెప్పాలంటే ఈ రెండూ లేకపోయినా తుపాకీ బాగానే పనిచేస్తుంది. తూటాల తయారీ మెరుగయ్యాక గది నోరు తొలవాల్సిన అవసరం పోయిందని ఇంజనీర్లు అంటారు, అది సబబే. అంతకుముందు 1955లో ఫ్రేమ్‌కున్న అయిదు మరల్లో ఒకటి, 1961లో మరొకటి తగ్గించినప్పుడు కూడా తుపాకీకి నష్టమేమీ జరగలేదు. సేకర్తలు మాత్రం ఒక్కొక్క మరకూ ఒక్కొక్క శీలకూ శోకిస్తూ వచ్చారు. వాళ్ళ శోకంలో అతి ఉంది. అయితే వాళ్ళు గమనించిన దిశ మాత్రం సరైనదే: ప్రతి మార్పూ మనిషి చేతి పనిని ఒక్కో మెట్టు తగ్గిస్తూ పోయింది.

పెద్ద మార్పు 1990ల మధ్యలో వచ్చింది. లోహపు పొడిని మైనంలాంటి జిగురుతో కలిపి, అచ్చులోకి ఒత్తిడితో ఎక్కించి, తర్వాత జిగురు కరిగించి, కొలిమిలో కాల్చి గట్టిపరిచే పద్ధతి అది. తుపాకీ వాళ్ళు దాన్ని ‘మిమ్’ అంటారు. ఆ ముక్క కాలేటప్పుడు అయిదో ఆరో వంతు కుదించుకుపోతుంది. ఎంత కుదిస్తుందో ముందే లెక్కకట్టి అచ్చును అంత పెద్దదిగా చేస్తారు. హ్యామర్, ట్రిగ్గర్ అలా తయారవడం మొదలైంది. పాత ట్రిగ్గర్ వెనక్కి తిప్పి చూస్తే నిండుగా ఉంటుంది, కొత్తది గుల్లగా ఉంటుంది. ఆ గుల్లతనం చూసి ‘నాసిరకం’ అనేశారు జనం. నేను దాంతో ఏకీభవించను. మిమ్ ముక్కలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉంటాయి. రాకే పని లేకుండానే చాలావరకు ఇమిడిపోతాయి. పాత ఫ్యాక్టరీలో మంచి ఫిట్టర్ చేతిలో పడిన తుపాకీ అద్భుతంగా ఉండేది, సోమరి చేతిలో పడింది గరుగ్గా ఉండేది. మిమ్ ఆ ఎత్తునూ తగ్గించింది, ఆ పల్లాన్నీ పూడ్చింది. నష్టం మరోచోట జరిగింది. రాకే అవసరం తగ్గాక రాకేవాళ్ళు తగ్గారు. వాళ్ళతో పాటు, ప్రతి తుపాకీనీ చేతిలోకి తీసుకుని తేడా పట్టుకునే కళ్ళూ తగ్గాయి. బారెల్ ఒక పక్కకి వాలి ఉండటం, గురి కొమ్ము నిటారుగా లేకపోవడం, సిలిండర్ గదుల్లో గరుకు మిగిలిపోవడం, సిలిండర్ బారెల్‌కి సరిగ్గా ఎదురుగా వచ్చి ఆగకపోవడం లాంటి ఫిర్యాదులు ఇటీవలి దశాబ్దాల్లో వినిపిస్తున్నవి. ఇవేవీ మిమ్ లోపాలు కావు. బిగించేటప్పుడు, తనిఖీ చేసేటప్పుడు పట్టుకోవలసిన లోపాలు.

ఇంకో కారణం నాకు ముఖ్యమైనదిగా తోస్తుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. 1980ల మధ్య దాకా అమెరికా పోలీసుల నడుముకు రివాల్వరే వేలాడేది. గ్లాక్ పిస్తోలు వచ్చి, 1986లో మయామీలో ఎఫ్‌బీఐ వాళ్ళు ఇద్దరిని పోగొట్టుకున్న కాల్పుల తర్వాత పోలీసు శాఖలు వరసగా పిస్తోళ్ళకు మారిపోయాయి. న్యూయార్క్ పోలీసుల్లో మిగిలిన చివరి కొద్దిమంది కూడా 2018లో రివాల్వర్లను వదిలేశారు. పోలీసు శాఖ అంటే మామూలు ఖాతాదారు కాదు. వందల తుపాకులు ఒకేసారి కొంటుంది. సొంత ఆయుధ మెకానిక్‌లు ఉంటారు. ఒక పెట్టెలో పది తుపాకులు బాగాలేకపోతే పెట్టె మొత్తం వెనక్కి పంపగలుగుతుంది. ఆ ఖాతాదారు వెళ్ళిపోయాక మిగిలింది ఒక్కొక్క తుపాకీ కొనుక్కునే మామూలు మనిషి. అతను మరమ్మతుకు పంపి, వారాల తరబడి ఎదురుచూస్తాడు. అంతకుమించి ఏం చెయ్యగలడు?

ఇక తాళం.

1998 చివర్లో న్యూ ఓర్లీన్స్, ఆ తర్వాత చికాగో, వాటి వెంట మరో పాతిక ముప్ఫై నగరాలు, కౌంటీలు తుపాకీ కంపెనీల మీద కేసులు వేశాయి. సిగరెట్ కంపెనీల మీద రాష్ట్రాలు గెలిచిన తీరు వాళ్ళకు ధైర్యమిచ్చింది. 1999 ఏప్రిల్‌లో కొలరాడోలోని కొలంబైన్ స్కూల్లో ఇద్దరు విద్యార్థులు 13 మందిని చంపేశారు. 2000 ఫిబ్రవరి 29న మిషిగన్‌లో ఫ్లింట్ దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్ళ పిల్లవాడు, తానున్న ఇంట్లో దొరికిన .32 పిస్తోలు తెచ్చి తన తరగతిలోని ఆరేళ్ళ పాపను కాల్చాడు. ఆ పాప బతకలేదు. తాళాల సంగతి మాట్లాడేటప్పుడు ఈ వాక్యాన్ని ఎవరూ దాటవెయ్యకూడదు. ఆ వయసు పిల్లవాడికి చంపడం అంటే ఏమిటో కూడా తెలియదు. ఇంట్లో తుపాకీ పేలనివ్వని స్థితిలో ఉండివుంటే ఆ పాప సాయంత్రం ఇంటికి వెళ్ళేది.

ఆ తర్వాత మూడు వారాలు గడవకముందే, మార్చి 17న, అధ్యక్షుడు క్లింటన్ ఒక ఒప్పందం ప్రకటించాడు. దాని వెనక నడిచినవాడు గృహనిర్మాణ శాఖ మంత్రి ఆండ్రూ కువోమో. ఒప్పుకున్నది స్మిత్ అండ్ వెసన్ ఒక్కటే. 60 రోజుల్లో ప్రతి తుపాకీతో బయటి తాళం ఇవ్వాలి. రెండేళ్ళలో తాళం తుపాకీలోనే అంతర్భాగం కావాలి. ఆరేళ్ళలోపు పిల్లలు తేలిగ్గా పేల్చలేని విధంగా రూపకల్పన ఉండాలి. ఇదైతే 1887లో వెసన్ చేసి చూపించిన పనే. యజమాని చేతిలో తప్ప పేలని తుపాకీ కోసం ఆదాయంలో 2 శాతం పరిశోధనకు పెట్టాలి. దుకాణదారులు ఎలా అమ్మాలో కూడా కొన్ని నిబంధనలు పెట్టారు. బదులుగా చాలా నగరాలు కంపెనీని కేసుల నుంచి వదిలేస్తాయి.

ఒప్పందం మీద సంతకం పెట్టిన కంపెనీ అధిపతి ఎడ్ షుల్ట్జ్‌కి ఎదురుదెబ్బ ఇంత తీవ్రంగా ఉంటుందని తోచలేదేమో. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఇది ప్రభుత్వానికి లొంగిపోవడమే అంది. కొనుగోలుదారులు వెలివేశారు. దుకాణదారులు అల్మారాల్లోంచి తీసేశారు. మిగతా కంపెనీలు దూరం జరిగాయి. ఆ వేసవిలో ఫ్యాక్టరీ కొన్నాళ్ళు ఆగింది. అక్టోబర్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సుమారు 125 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. షుల్ట్జ్ అప్పటికే పదవి వదిలేశాడు. ఉద్యోగం పోయినవాళ్ళలో చాలామందికి ఒప్పందంలో ఏ మాటా చెల్లలేదు. ఆకురాళ్ళు పట్టుకున్నవాళ్ళు, తనిఖీ బల్లల దగ్గర నిలబడ్డవాళ్ళు, ఎవరో వాషింగ్టన్‌లో సంతకం పెట్టినందుకు ఇంటికి వెళ్ళారు.

2001 మేలో టాంకిన్స్ కంపెనీని అమ్మేసింది. 11.25 కోట్లకు కొన్నదాన్ని ఒకటిన్నర కోట్ల డాలర్ల నగదుకు ఇచ్చేసింది. 3 కోట్ల అప్పు కొత్తవాళ్ళు నెత్తికెత్తుకున్నారు. కొన్నది అరిజోనాకు చెందిన సేఫ్-టి-హ్యామర్ అనే చిన్న కంపెనీ. దాని వ్యాపారమే తుపాకులకు తాళాలు, భద్రతా పరికరాలు తయారుచెయ్యడం. అందుకే రివాల్వర్‌లో తాళం రావడానికి ఒప్పందం ఒక కారణం, కొత్త యజమాని రెండో కారణం, రాష్ట్రాల చట్టాలు మూడో కారణం. మేరీల్యాండ్ 2000లో చేసిన చట్టం ప్రకారం 2003 నుంచి అక్కడ అమ్మే కొత్త చేతి తుపాకుల్లో తాళం అంతర్భాగంగా ఉండాలి. మాసచూసెట్స్‌లో అటార్నీ జనరల్ నిబంధనలు, కాలిఫోర్నియాలో కొత్త చట్టాలు అప్పుడే వచ్చాయి. కొత్త బుష్ ప్రభుత్వం ఒప్పందాన్ని అమలు చెయ్యమని ఒత్తిడి తేలేదు. అయినా తాళం ఉండిపోయింది.

ఆ తాళం అసలు పనిచేసిందా? రెండు వైపులా చూడాలి. అమెరికాలో తేలిక మిశ్రలోహాలతో చేసిన మాగ్నమ్ రివాల్వర్లు ఆ రోజుల్లోనే వచ్చాయి. స్కాండియం కలిపిన అల్యూమినియం ఫ్రేమ్, టైటానియం సిలిండర్. అలాంటి తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే తన్ను భయంకరంగా ఉంటుంది. ఆ కుదుపుకి లోపలి రెక్క తనంతట తానే పైకి లేచి తుపాకీ బిగుసుకుపోయిన సంఘటనలు నమోదయ్యాయి. అవి అరుదు. ఉక్కు ఫ్రేమ్ ఉన్న బరువైన తుపాకుల్లో మరీ అరుదు. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడతాననుకుని కొనుక్కున్నవాడికి అరుదు అన్న మాట సరిపోదు. కొందరు ఆ రెక్కను తీయించేసి రంధ్రానికి మూత బిగించుకున్నారు. దానివల్ల ఇంట్లో పిల్లలకు ఉండవలసిన రక్షణ కూడా పోయింది.

ఇంకో వైపు, తాళంచెవి తిప్పితేనే ఆ తాళం రక్షణ ఇస్తుంది. తిప్పడం యజమాని పని. సేఫ్టీ హ్యామర్‌లెస్ పిడి మీట మాత్రం ఎవరూ ఏమీ చెయ్యకుండానే పనిచేసేది. అలాగని పాతదే మేలని తేల్చేయలేం. పదమూడేళ్ళ కుర్రవాడి చేతిని పిడి మీట ఆపలేదు, తాళం ఆపగలదు. దొంగ చేతిలో పడ్డ తుపాకీని, నిరాశలో ఉన్న మనిషి చేతికందిన తుపాకీని తాళం ఒక్కటే కాసేపైనా ఆపగలదు. నా మట్టుకు నాకు తాళం ఆలోచన మంచిదే. దాన్ని తెచ్చిన తీరు మాత్రం సరిగా లేదు. వెసన్ తన తుపాకీకి భద్రతను కొత్త యంత్రంగా ఊహించాడు. 2001లో ఉన్న యంత్రాన్ని అలాగే ఉంచి ఒక రంధ్రం తొలిచి, ఒక రెక్క ఇరికించారు. ఫ్రేమ్ పై భాగంలో ఒక చిన్న ఉబ్బు వచ్చింది. దశాబ్దాలుగా చూపుకి అలవాటైన ఆ గీత చెడింది. కంపెనీ దాన్ని గర్వంగా చూపించుకోలేదు, దాని వెనక నిలబడనూ లేదు. తయారుచేసినవాడికే మనసు లేని భద్రతను కొన్నవాడు ఎందుకు ప్రేమిస్తాడు?

2005 అక్టోబర్‌లో బుష్ సంతకం చేసిన చట్టం తుపాకీ కంపెనీలను నగరాల కేసుల నుంచి చాలావరకు కాపాడింది. దుకాణదారు అమ్మే ప్రతి చేతి తుపాకీతో తాళమో భద్రతా పరికరమో ఇవ్వాలన్న షరతు కూడా అదే చట్టంలో ఉంది. అలా పెట్టెలో వచ్చే చిన్న తీగ తాళం మామూలయ్యాక లోపలి తాళం మీద పట్టు సడలింది. 2010 నాటికి హ్యామర్ లోపల దాగి ఉండే 642, 442 మోడళ్ళను తాళం లేకుండా కూడా అమ్మడం మొదలైంది. హ్యామర్ దాచిన ఆ నమూనా 1952లో కంపెనీ నూరేళ్ళ పండుగకు వచ్చిన ‘సెంటెనియల్’ వారసత్వం. దానికి సేఫ్టీ హ్యామర్‌లెస్ లాగే పిడి మీట ఉండేది. 2024 జనవరిలో లిప్సీస్ అనే పంపిణీదారుతో కలిసి తాళం లేని చిన్న రివాల్వర్ల వరస ఒకటి తెచ్చింది. గురి కొమ్ములు, పిడి, ట్రిగ్గర్ తీరు అన్నీ కొత్తగా ఆలోచించి చేసినవి. కొనుగోలుదారులు వాటి కోసం ఎగబడ్డారు. రంధ్రం లేకపోవడమే కారణమని చాలామంది అనుకున్నారు. నాకైతే అక్కడ అమ్ముడైంది శ్రద్ధ అనిపించింది. వాడేవాడి చేతిని దృష్టిలో పెట్టుకుని ఎవరో కూర్చుని ఆలోచించిన తుపాకీ అది.

2023లో కంపెనీ ప్రధాన కార్యాలయం టెన్నెసీలోని మేరీవిల్‌కి వెళ్ళింది. మాసచూసెట్స్‌లో రాబోతున్న తుపాకీ చట్టాలే కారణమని చెప్పింది. పిస్తోళ్ళ కూర్పు అటు పోయినా, కొలిమి పని, యంత్రాల మీద కోత, రివాల్వర్ల కూర్పు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని రూజ్‌వెల్ట్ అవెన్యూ ఫ్యాక్టరీలోనే ఉంచింది. ఉక్కుముద్దను అచ్చు దిమ్మెల మధ్య పెట్టి ఆవిరి సుత్తులు సాగగొట్టిన ఊళ్ళోనే ఇప్పటికీ రివాల్వర్ ఫ్రేమ్ పుడుతోంది. ఆర్మరీ మూతపడ్డాక పని నేర్చుకున్న తరం రిటైరయిపోయింది. వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు బల్లల దగ్గర ఉన్నారు.

వచ్చే సంచికలో కనెక్టికట్ నది వెంట దక్షిణంగా 40 కిలోమీటర్లు దిగి హార్ట్‌ఫర్డ్ వెళ్దాం. 1955లో కోల్ట్ ‘పైథాన్’ అక్కడే పుట్టింది. చేత్తో రాకేవాళ్ళు దొరక్క దాన్ని ఎలా ఆపేశారో, 2020లో తిరిగి తెచ్చినప్పుడు తాళం జోలికి పోకుండా ఏం మార్చారో చూద్దాం.